లావాటాయన, సన్నటాయన, యాదగిరి, నేను

మా అమ్మాయి పదిహేను రోజులకోసారి నాకొక సినిమా పేరు పంపుతుంది. తను రాదు, సినిమా పేరు వస్తుంది. తన ఆఫీసు హైటెక్ సిటీలో, కాపురం కొండాపూర్‌లో, నేనుండేది తెల్లాపూర్‌లో. మధ్య దూరం ఎంతమ్మా అంటే కిలోమీటర్లు చెప్పదు, గంటలు చెబుతుంది. నేను తప్పు పట్టను. ఉద్యోగం చేసే రోజుల్లో మా అమ్మకు నేను చెప్పిన సాకులు ఇంతకంటే నాసిరకానివి. ఈసారి పంపిన పేరు కింద, "ఇద్దరు ఫ్రెండ్స్ కథ నాన్నా, నవ్వలేక చచ్చాం. మీరూ కామెడీ రాసేవారు కదా, తప్పకుండా చూడండి" అని ఉంది. రాసేవారు కదా అన్న ముక్క కాస్త గుచ్చుకుంది. కానీ నిజమే. వాళ్ళమ్మ పోయిన ఈ రెండేళ్ళలో నేను రాసిందేమీ లేదు. ఏం రాసినా మొదట ఆవిడకు చదివి వినిపించేవాణ్ణి. ఆవిడ నవ్వితే పత్రికకు పంపేవాణ్ణి, నవ్వకపోతే బల్ల సొరుగులో పడేసేవాణ్ణి. ఇప్పుడు ఏది పంపాలో ఏది పడెయ్యాలో చెప్పేవాళ్ళు లేరు.

బుధవారం ఉదయం ఆటకు వెళ్ళాను. ముసలివాడు ఒంటరిగా సినిమాకు రావడం అక్కడి పిల్లలకు కొత్తేమో, టికెట్టు చూసిన అమ్మాయి ఇంకెవరైనా వస్తున్నారా అంకుల్ అని రెండుసార్లు అడిగింది. లోపల పదిమంది కూడా లేరు. అందరూ మెడలో ఐడీ కార్డులున్న పిల్లలే. ఆఫీసు మానేసి వచ్చారో, ఆఫీసే అక్కడికి వచ్చిందో తెలియదు. సినిమాలో ఇద్దరు కుర్రాళ్ళు, ఉద్యోగాలు పోయి నిజాంపేటలాంటి చోట హాస్టల్ గదిలో ఇరుక్కున్నారు. ఒకడు మాట్లాడుతుంటే ఇంకొకడు అడ్డుపడతాడు, ఇద్దరూ కలిసి ఒకేసారి అరుస్తారు, మనకు సగం వినపడదు. అయినా ఒకచోట నాకు నవ్వు ఆగలేదు. గట్టిగా నవ్వేసి, నవ్వుతూనే పక్కకు తిరిగాను. పక్క సీటు ఖాళీ. భార్య కోసం తిరిగాననుకున్నాను మొదట. కాదు. ఆవిడకు సినిమా హాలంటేనే తలనొప్పి. నేను తిరిగింది ఎడమవైపు. నా ఎడమవైపు ఉండేది ఎప్పుడూ చిన్ననాటి జతగాడు యాదగిరే. నలభై ఏళ్ళకు పైగా నా ఎడమ పక్కన నిలబడని మనిషి కోసం మెడ దానంతటదే తిరిగింది. ఆ తరవాత సినిమా నాకు సరిగ్గా ఎక్కలేదు.

మా నాన్నగారిది గుడివాడ వైపు. ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం వచ్చి, బోరబండకు కాస్త ఇవతల కట్టిన క్వార్టర్లలో కాపురం పెట్టారు. అప్పటికి ఈ అద్దాల మేడలేవీ లేవు. మా డాబా ఎక్కితే పడమట కనుచూపు మేర బండరాళ్ళు, వాటి మీద మేకలు. కాలనీలో దాదాపు అందరూ మా వైపు వాళ్ళే. ఆదివారం పొద్దున ఏ ఇంటి ముందు నడిచినా పెసరట్టు వాసన, అల్లం వాసన, చివరింట్లో తమిళాయన వేయించే కాఫీ గింజల వాసన వచ్చేవి. కాలనీకి ఒక క్లబ్బు ఉండేది. శనివారం సాయంత్రం చీకటి పడుతుండగా క్లబ్బు వెనక మైదానంలో రెండు గుంజలు పాతి తెల్లటి తెర కట్టి సినిమా వేసేవారు. అన్నీ నలుపు తెలుపు బొమ్మలే, అప్పటికే అవి పాతవి. ఆ సినిమాల్లో హీరో ఎవరన్నది మాకు పట్టేది కాదు. మేం కాచుకుని కూర్చునేది ఆ జంట కోసం. ఒకాయన లావు, ఇంకొకాయన సన్నం. పేర్లు చెప్పక్కర్లేదు, అలాంటి జంట లేని సినిమా ఆ కాలంలో లేదు. లావాటాయన తెర మీదికి వచ్చి పంచె సర్దుకుంటే చాలు, కుర్చీలన్నీ కిర్రుమనేవి.

మర్నాడు పొద్దున నాన్నగారు వరండాలో కిటికీ ఊచకు అద్దం తగిలించి గడ్డం గీసుకుంటూ ఆ సన్నివేశాలన్నీ మళ్ళీ చెప్పేవారు. ఒక చెంపకు నురగ, ఇంకో చెంప నున్నగా, చేతిలో కత్తి. ఆయన నవ్వుకు చప్పుడు ఉండేది కాదు. పొట్ట మాత్రం కదిలేది. అమ్మ వంటింట్లోంచి ముందు ఆ గడ్డం కానివ్వండి, నురగ ఎండిపోతోంది అని కేకేసేది. ఆయన ఆఫీసులో ఎలా ఉండేవారో నాకు తెలియదు కానీ, ఇంట్లో ఆయన మనసు విప్పి మాట్లాడేది ఆ అరగంటే. అందుకే ఆ జంట మీద నాకంత ప్రేమ. వాళ్ళను అనుకరిస్తే నాన్నగారి పొట్ట కదులుతుందని నాకు చిన్నప్పుడే తెలిసింది.

యాదగిరి మా కాలనీ తోటమాలి మల్లయ్య కొడుకు. నా ఈడువాడే, ఒకే బడి. సినిమా తెరకు ఇవతల కుర్చీల్లో మేం కూర్చుంటే, అవతల నేల మీద మాలీలు, పాకీవాళ్ళు, పాలవాళ్ళు, వాళ్ళ పిల్లలు కూర్చునేవారు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు, కూర్చోమనీ ఎవరూ అనలేదు, అది అలా నడిచిపోయేది. తెర పల్చటి గుడ్డ కనుక బొమ్మ అవతలికీ కనపడేది, కాకపోతే తిరగబడి. మాకు కుడిపక్కన ఉన్నది వాళ్ళకు ఎడమపక్కన. ఈ సంగతి మా ఇద్దరికీ తోచకముందే ఒక రోజు బడి మైదానంలో ఆ జంట వేషం కట్టాం. నేను అప్పట్లో బొద్దుగా ఉండేవాణ్ణి, కనుక లావాటాయన్ని. అతను పుల్లలా ఉండేవాడు. ఇద్దరం చెరొకవైపు నుంచి రావాలి. నాకు తెలిసిన వైపుకు నేనూ, తనకు తెలిసిన వైపుకు తనూ వెళ్ళి, ఇద్దరం ఒకే చెట్టు వెనక తగులుకున్నాం. నువ్వు తప్పంటే నువ్వు తప్పని కొట్లాడుకున్నాం. చూస్తున్న పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ తరవాత మా ప్రతి నాటికా అలాగే మొదలయ్యేది. ఒకే వైపునుంచి ఇద్దరం దూరబోయి ఢీకొని, వాదించుకుని, చివరికి అతను నాకు ఎడమపక్కన సర్దుకునేవాడు.

ఇప్పుడు నిజం రాయాలి. ఆ నాటికలు నేను రాశానని అందరూ అనుకునేవారు. రాసింది నేనే, చెప్పింది అతను. సెలవు రోజుల్లో మా పెరటి మెట్ల మీద కూర్చుని, నీళ్ళ తొట్టి దగ్గర ఆకులు ఏరుతూ, ఏదో ఒకటి అనేవాడు. నేను పొర్లిపొర్లి నవ్వి, దాన్ని నోట్‌బుక్కులో మా భాషలోకి మార్చి రాసుకునేవాణ్ణి. మా అమ్మ ఇద్దరికీ అట్లు పెట్టేది. నాకు వంటింట్లో, అతనికి పెరట్లో. అమ్మ చెడ్డ మనిషి కాదు, అతనికి ఒక అట్టు ఎక్కువే వేసేది. మాటలు మార్చేటప్పుడు నేనొక పద్ధతి పెట్టుకున్నాను. నా వేషం మాటలు గుడివాడ మాటలు, అతని వేషం మాటలు అతని మాటలే. సినిమాల్లో అంతే కదా మరి. పెద్దమనిషి ఒక భాష మాట్లాడతాడు, పనివాడు ఇంకో భాష మాట్లాడతాడు, ఆ రెండోది వినగానే జనం నవ్వుతారు. యాదగిరి ఏంది సార్ అన్నా చాలు, మా క్లబ్బు వాళ్ళు నవ్వేవారు. ఆ ఏంది సార్‌లో హాస్యం ఏముందని నేను ఒక్కసారీ ఆలోచించలేదు. నవ్వుతున్నారు, అంతకంటే ఏం కావాలి?

పాత జంటకూ కొత్త జంటకూ తేడా ఏమిటని ఎవరైనా నన్నడిగితే ఇప్పుడు చెప్పగలను. పాతవాళ్ళు నెమ్మదిగా మాట్లాడేవారు. ఒక మాట అని, మనం నవ్వడానికి చోటిచ్చి, పై కండువా దులుపుకుని అప్పుడు రెండో మాట అనేవారు. ఆ ఓపిక ఈ కుర్రాళ్ళకు లేదు, ఆ విషయంలో నా ఓటు పాతవాళ్ళకే. కానీ పాత జంటలో ఎప్పుడూ ఒకడు పైన, ఒకడు కింద. యజమాని, గుమాస్తా. మామ, అల్లుడు. పైవాడు కొడతాడు, కిందివాడు పడతాడు. తరవాత తరవాత వచ్చిన రంగుల జంటల్లో దెబ్బలు మరీ ఎక్కువయ్యాయి, తన్నడమే మాటయింది. మొన్న చూసిన ఇద్దరూ ఒకరినొకరు నానా తిట్లు తిట్టుకున్నారు. వాటిని మా అమ్మ వినుంటే చెవులు కడుక్కునేది. అయినా ఇద్దరూ ఒకే మెట్టు మీద కూర్చుని తిట్టుకున్నారు. ఇద్దరూ మాట్లాడింది యాదగిరి భాష. హాల్లో ఎవరూ ఆ భాషకు నవ్వలేదు, వాళ్ళ తిప్పలకు నవ్వారు. అక్కడే నాకు సినిమా ఎక్కడం మానేసింది.

క్లబ్బు వార్షికోత్సవం మా కాలనీకి పెద్ద పండగ. ఆ ఏడు మేం ఇంటర్‌లో ఉన్నాం. పెద్ద అధికారులు కుటుంబాలతో వచ్చి క్లబ్బు హాల్లో ముందు వరసల్లో కూర్చున్నారు. వేదిక అంచునంతా మల్లయ్య పూలకుండీలు సర్దాడు. మా నాటికలో నేను ఆఫీసరు, యాదగిరి జవాను. ఆఫీసరు జవానును కొట్టే ఘట్టం ఒకటి ఉంది. అభ్యాసంలో నేను చెయ్యి విసిరితే, అతను తన అరచేతులు రెండూ చప్పట్లా చరిచి దెబ్బ చప్పుడు చేసేవాడు. ఆ రోజు ఎందుకో జనం బిగుసుకుని కూర్చున్నారు. మా ఢీకొనడానికి కూడా నవ్వలేదు. ముందు వరసలో నాన్నగారి పొట్ట కదలడం లేదు. ఆ ఘట్టం రాగానే నా చెయ్యి ఆగలేదు, నిజంగానే చెంప మీద పడింది. హాలు ఒక్కసారి గొల్లుమంది. ఇంకొకటి కొట్టాను. ఇంకా గట్టిగా నవ్వారు. మూడోది కూడా కొట్టాను. యాదగిరి ఒక్క మాట తడబడలేదు. ప్రతి దెబ్బకూ సరిగ్గా ఎంత ఆగాలో అంత ఆగి తన మాట తను చెప్పాడు. మాకు కప్పు ఇచ్చారు. నాన్నగారు కళ్ళు తుడుచుకున్నారు. వెనక గదిలో యాదగిరి కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటూ, మంచిగనే అయింది అని ఒక్క ముక్క అని వెళ్ళిపోయాడు.

అంతే. మళ్ళీ వారం అభ్యాసానికి రాలేదు. పిలవడానికి వెళితే పని ఉందన్నాడు. ఆ పై వారం కూడా పని ఉంది. చదువు ఆపేసి బస్సుల డిపోలో చేరాడని ఎవరో చెప్పారు. నేను కొన్నాళ్ళు అలిగాను, కప్పు మా ఇంట్లో ఉందని కోపమేమో అనుకున్నాను. తరవాత ఆ చెంపదెబ్బలే అయి ఉంటాయని అర్థమైంది. అర్థమైనా వెళ్ళి అడగలేదు. పైగా నేను చేసిందేమిటంటే, బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ ముప్ఫై ఏళ్ళ పాటు పత్రికలకు హాస్యం రాశాను. నా రచనల్లో ఒక అమాయకుడు ఉంటాడు, పాఠకులకు బాగా తెలుసు. వాడు యాదగిరి మాటలు మాట్లాడతాడు. ఒకోసారి వాడొక తోటమాలి కూడా. హాస్య రచయిత అని నాకు శాలువాలు కప్పారు. ఆ శాలువాల్లో సగం ఎవరివో నాకు తెలుసు కనుకే ఇన్నేళ్ళూ బోరబండ వైపు వెళ్ళలేదు. ఆరేడేళ్ళ కిందట అతని కూతురి పెళ్ళి శుభలేఖ వచ్చింది. అప్పుడు మా ఆవిడ ఆస్పత్రిలో ఉంది. వెళ్ళకపోవడానికి అది మంచి కారణమే, కానీ ఆ కారణం లేకపోయినా నేను వెళ్ళేవాణ్ణి కాదు.

సినిమా చూసి ఇంటికొచ్చాక అడ్రసు కోసం ఆ శుభలేఖ వెతికాను. ఇల్లంతా తిరగేస్తే మా ఆవిడ పట్టుచీరల మధ్య దొరికింది. నాకిప్పుడు అరవై ఆరు. ఆ మూడు దెబ్బలకు క్షమాపణ అడగడానికి ఇంకెంత టైముందో తెలియదు, అతనికెంత ఉందో అసలే తెలియదు. అడిగితే నా పక్కన మళ్ళీ ఒక మనిషి ఉంటాడేమోనన్న ఆశ కూడా ఉంది, దాచను. మర్నాడు లింగంపల్లిలో లోకల్ రైలెక్కి బోరబండలో దిగాను. హైటెక్ సిటీ స్టేషన్లో పెట్టె సగం ఖాళీ అయింది. దిగేవాళ్ళలో మా అమ్మాయి ఉందేమోనని కిటికీలోంచి చూడటం ఉత్త పిచ్చి. తను కారులో వెళుతుంది.

యాదగిరి ఇల్లు సందు చివర, రెండంతస్తులు. పైన కిరాయికున్నవాళ్ళ బట్టలు ఆరేసి ఉన్నాయి. కింద గదిలో టీవీ, కుక్కరు కూత, ముగ్గురు మనవల కొట్లాట, ఎవరి మాటా ఎవరికీ వినపడని చోటు. తెల్లాపూర్‌లో మా ఇంట్లో గడియారం చప్పుడు కూడా వినపడుతుంది. గుమ్మంలోకి వచ్చిన మనిషికి ఇంత పొట్ట, బట్టతల. ఎవరు కావాలె సార్ అన్నాడు. నేను పేరు చెప్పకుండా చూస్తూ నిలబడ్డాను. ఒక నిమిషం పట్టింది. "అరె, సీను," అన్నాడు. "ఏందిరా గిట్లయినవ్? గాలొస్తే కొట్టుకపోయేటట్టున్నవ్." ఇప్పుడు లావాటాయన అతను, సన్నటాయన్ని నేను. నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, అందరికీ చూపించాడు. అతని భార్య కూసోండ్రి అన్నా అని కుర్చీ తుడిచింది. మా ఆవిడ సంగతి చెప్పాను. పెళ్ళికి రాలేకపోయానని చెప్పాను. సినిమా సంగతి చెప్పాను. వాళ్ళు అప్పటికే ఇంటిల్లిపాదీ రెండుసార్లు చూశారట. నువ్వు ఎవరితో పోయినవ్ అని అడిగాడు. ఒక్కణ్ణే వెళ్ళానంటే, నా భార్య పోయిందన్నప్పటికంటే ఎక్కువ జాలిగా చూశాడు.

మనవలు వీధిలోకి పోయాక చెప్పాను. రైలంతా అనుకుంటూ వచ్చిన వాక్యాలన్నీ మరిచిపోయి, ఆ రోజు నిన్ను నిజంగా కొట్టాను, తప్పు చేశాను, అందుకే కదా మానేశావు అని మాత్రం అన్నాను. అతను టీవీ చప్పుడు తగ్గించాడు.

"నువ్వు కొట్టినందుకు గాదు సీను," అన్నాడు. "దెబ్బదేముంది? మా అవ్వ దినాం అంతకన్న గట్టిగ కొట్టేది. నవ్వొస్తదంటే ఇంకో రెండు కొట్టమనెటోణ్ణి."

"మరెందుకు మానేశావు?"

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. "నువ్వు నా దిక్కు జూస్తున్నవు. నేను నీ భుజం మీదినుంచి హాలు జూస్తున్న. ఎనక తలుపు కాడ మా నాయిన నిలబడ్డడు. నువ్వు ఒకటి కొట్టంగనే సార్లందరు నవ్విండ్రు. నాయిన నవ్వలే. సార్ల దిక్కు జూసిండు. జూసి, తను గూడ నవ్విండు. రెండోసారి నీ చెయ్యి లేవంగనే అందరికన్న ముందు ఆయినే నవ్విండు. ఇంటికొచ్చినంక నాకు అన్నం పెట్టిండు. ఏమనలే. నేను గూడ ఏమడగలే. ఇగ నాకు స్టేజీ ఎక్క బుద్ధి గాలే."

నేను క్షమాపణ తెచ్చుకున్నది దెబ్బకు. దీనికి నా దగ్గర ఏమీ లేదు. ఉన్నా, ఇవ్వవలసిన మనిషి పోయి పాతికేళ్ళయింది. ఆ రాత్రి ఆయన కొడుక్కి అన్నం వడ్డించిన చేతులు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోబోయాను. నా దగ్గర ఉన్న మల్లయ్య అంతా నేను నవ్వులకోసం రాసుకున్న మల్లయ్యే, ఇంకొకడు కనపడలేదు. నాకు ఏడుపొచ్చింది. అతను చూడనట్టు లేచి, తినకుండా పోతే మా ఇంట్ల ఊకోరు అని భార్యకు కేక వేశాడు. ఇద్దరం కూర్చుని తిన్నాం. జొన్నరొట్టె, తోటకూర. అతను డిపో కబుర్లు చెప్పాడు, నవ్వించాడు కూడా. ఇప్పటికీ అతని మాటలో ఆ ఆగడం ఉంది. నా చెయ్యి ఒకసారి జేబులోని పెన్ను మీదికి పోయింది. సిగ్గేసి తీసేశాను. అతను చూశాడు.

స్టేషను దాకా వస్తానంటే వద్దన్నాను, మోకాళ్ళు నొప్పులట. సందు మొదటి దాకా వచ్చాడు. మళ్ళీ రమ్మని అతనూ, వస్తానని నేనూ అనుకున్నాం. అతని ఇంటినిండా మనుషులు, అతనికి నా అవసరం లేదు. అది మా ఇద్దరికీ తెలుసు. నేను నాలుగడుగులు వేశాక వెనక నుంచి పిలిచాడు.

"సీను, నువ్వు రాసినయి మా పెద్దబిడ్డ సదివి ఇనిపించేది. గా కతలల్ల తోటమాలి వస్తడు గదా, గది మా నాయినే అని మాకు ఎరుకే. మంచిగుంటయి, మేం గూడ నవ్వినం." కొంచెం ఆగాడు. "గిది గూడ రాస్తవు నువ్వు, నాకు తెల్సు. రాసుకో. గని ఈ ఒక్కపారి మా నాయిన కాడికి వచ్చినంక నవ్వొచ్చేటట్టు రాయకు."

అలాగే అన్నాను. చిన్నప్పటి నుంచీ నా దగ్గర ఏదీ అడగని మనిషి అడిగింది అదొక్కటే.